మా అత్త నోటి జపాను మాట

బెంగళూరు వెళ్ళివచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా అనంతపురంలో ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న. చల్లగా ఉందా? లాల్‌బాగు చూశారా? ఉందండీ, చల్లగానే ఉంది. లాల్‌బాగూ చూశాను, గులాబీలూ చూశాను. కానీ నేను వెళ్ళింది గులాబీల కోసం కాదు, పోట్లాటకు. ఆ నాలుగు రోజులూ చెమట పట్టలేదన్నమాటే గాని, ఒళ్ళు మాత్రం మండుతూనే ఉంది. అడిగిన ప్రతివాళ్ళకూ మొదటినుంచీ చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను హైస్కూల్లో తెలుగు పంతుల్ని. మా నాన్న చెల్లెలు గంగమ్మత్తను బెంగళూరికిచ్చారు. మా ఇంట్లో నూలు మగ్గాలు, వాళ్ళింట్లో పట్టు మగ్గాలు. పిల్లలు లేరు. భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా ఆమె అక్కడే ఒక రంగుల కార్ఖానాలో పని చేసుకుని బతుకుతోంది. బర్మా జపానువాళ్ళ చేతికి పోయిన మరుసటి వేసవిలో, మా బడికి సెలవులిచ్చిన వారానికి, ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చింది. పక్కింటివాళ్ళ చేత రాయించింది. “జపాను మాట మాట్లాడినానని నన్ను పనిలోనుంచి తీసేసినారు. నువ్వు మాటల మనిషివి గదా, వచ్చి వాళ్ళకి చెప్పు” అని ఉంది.

వేలిముద్ర వేసే మా అత్త జపాను మాట్లాడడమేమిటి! రెండుసార్లు చదివాను, మూడోసారి మా ఆవిడకు వినిపించాను. ఆవిడ వెంటనే వెళ్ళమంది. నేను అప్పటికే సంచీ దులుపుతున్నాను.

హిందూపురం దాటాక

రైల్లో జనం గురించి కొత్తగా చెప్పేదేముంది. మంచి పెట్టెలన్నీ పటాలాలకు పోయాయి. మిగిలినవాటిలో మనుషుల మీద మూటలు, మూటల మీద మనుషులు. నా ఎదుట హిందూపురం బెల్లం వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. ముచ్చటైన మనిషి. తన పొట్లంలోని బొరుగులు నాకు పెట్టాడు, నా పిల్లలెంతమందో అడిగాడు, తన అల్లుడి అవలక్షణాలన్నీ చెప్పాడు. ఆ చనువుకొద్దీ నేను వెళ్తున్న పని చెప్పాను.

జపాను అన్న మాట వినగానే ఆయన చేతిలో బొరుగులు చేతిలోనే ఉండిపోయాయి. అటూ ఇటూ చూశాడు. ఆ మాటేమిటో తనకు చెప్పొద్దన్నాడు. నాకూ తెలియదంటే నమ్మలేదు. తర్వాతి స్టేషన్లో మూట చంకన పెట్టుకుని, అవతలి మూల నిలబడడానికి పోయాడు. కూర్చున్న చోటు వదిలి నిలబడ్డాడండీ, అదీ ఆ రోజుల్లో! నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

గౌరిబిదనూరులో మైసూరు సర్కారు జవాను ఎక్కి సంచులు తడిమాడు. ఎవరైనా బియ్యం దాటిస్తున్నారేమోనని సోదా. మా అత్త కోసం తెచ్చిన రెండు శేర్ల వేరుశెనక్కాయల మూట విప్పించి, అందులో బియ్యం లేదని నిర్ధారించుకోవడానికి మూడు గుప్పిళ్ళు తీసుకున్నాడు. పప్పులు నములుతూనే నాకు చట్టం చెప్పాడు. నేను ఆ చట్టంలో శెనక్కాయలు ఎక్కడున్నాయని అడిగితే నాలుగో గుప్పెడు తీశాడు. అప్పుడు ఊరుకున్నాను.

కబ్బన్‌పేట

స్టేషను బయట జట్కావాడు ఆరణాలడిగాడు. మా ఊళ్ళో ఆ దూరానికి రెండణాలిస్తే దణ్ణం పెడతారు. గడ్డి ధర, గుర్రం వయసు, యుద్ధం అన్నీ చెప్పి అయిదణాలకు ఒప్పుకున్నాడు. కబ్బన్‌పేటలో బండి దిగగానే ప్రతి గడపలోంచీ మగ్గాల చప్పుడు. వీధిలో రంగునీళ్ళు పారుతున్నాయి, ఒక కాలవ పసుపు, ఒక కాలవ ఎరుపు. కన్నడం, తెలుగు కలిపి కొట్టుకుంటున్నారు ఆడవాళ్ళు కొళాయి దగ్గర.

అత్త నన్ను చూసి ఏడవలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, రాగిముద్ద, సొప్పు సారు, అంటే ఆకుకూర చారు, పెట్టింది. మాకు రాగిసంగటిలో కాస్తయినా బియ్యం పడాలి. ఇక్కడ ముద్ద నిఖార్సయిన రాగిపిండి. నమలకూడదట, మింగాలట. నేను నమిలాను. పక్కింటి పిల్లలు గుమ్మంలో నిలబడి నా దవడలు చూసి నవ్వారు. తర్వాత బెల్లం కాఫీ ఇచ్చింది. రేషను కార్డు మీద వచ్చిన చక్కెర పదిరోజులకే అయిపోతుందట.

కాఫీ తాగాక అడిగాను, ఆ మాటేమిటని. అత్త తలుపు దగ్గరికి వెయ్యలేదు, గొంతు తగ్గించలేదు. నేను తిన్న ఇత్తడి పళ్ళేన్ని చింతపండుతో తోమి, నీళ్ళు పోసి, తడి వేలితో గట్టిగా రుద్దింది. పళ్ళెం పలికింది.

“విన్నావా? క్యుక్యు. అదే ఆ మాట,” అంది.

అంతేనా అన్నాను. అంతేనంది.

ముప్పై అయిదేళ్ళ కింద, పట్టుపని నేర్పడానికి జపాను నుంచి భార్యాభర్తలు ఎవరో బెంగళూరు వచ్చి ఉండేవారట. ఊరవతల వాళ్ళ పట్టుతోటలో మా అత్త కొత్త కోడలుగా పనికి చేరింది. ఆ ఇల్లాలి పేరు ఎవరికీ నోరు తిరక్క అందరూ జపానమ్మ అనేవారు. ఆమెకు తెలుగు రాదు, కన్నడం రాదు. చేత్తో చూపించి ఆ ఒక్క మాట అనేది. పట్టునూలును సబ్బునీళ్ళలో ఉడికించి జిగురంతా వదిలించాలి. రంగు వేసి, జాడించి, ఆఖరున పులుపు నీళ్ళలో ముంచి ఆరేయాలి. ఆరిన చిలపను, అంటే మెలిపెట్టిన నూలు కట్టను, చెవి దగ్గర పెట్టుకుని పిడికిట్లో నొక్కితే అది క్యుక్యు అనాలి. అన్నదా, పని అయినట్టు. అనలేదా, ఎక్కడో జిగురో సబ్బో మిగిలిందన్నమాట, మళ్ళీ బానలోకే.

పట్టుకొక్కదానికే కాదట. జపానమ్మ అన్నం గిన్నె కడిగి వేలితో రుద్ది క్యుక్యు అనేది. తలంటుకున్న జుట్టును నీళ్ళలో వేళ్ళతో దువ్వి క్యుక్యు అనేది. నడుముకు పట్టీ బిగించి కట్టుకునేటప్పుడు కూడా అదే అనేదట. కంటికి కనబడే మెరుపుకు ఆ మాట వాడదు. చేత్తో పట్టుకుంటే చెవికి తెలియాలి.

నాకు పౌరుషం వచ్చింది. ఇలాంటి చప్పుడు మాటలు మన తెలుగులో ఉన్నన్ని ఎవరికున్నాయి? దానికోసం జపానుదాకా పోవాలా? గరగర అనకూడదా అన్నాను. అది గంజి పెట్టిన పంచె అంది. సరసర? అది పాము. కరకర మురుకులు, పెళపెళ కాయితం, కిర్రు చెప్పులు. నేను చెబుతున్నకొద్దీ అత్త పక్కింటి మగ్గం దగ్గర్నుంచి తెచ్చిన చిలపను నా చెవి దగ్గర నొక్కి, ఇది అదేనా అని అడుగుతూ పోయింది. కాదు. ఏదీ కాదు. పదిహేనేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను, ఆ పూట మా అత్త ముందు నా సరుకంతా అయిపోయింది. ఆమె మీద కూడా కోపం వచ్చింది నాకు.

ఇరవై ఏళ్ళుగా కార్ఖానాలో ఆమె పని అదే. ఆరిన చిలపలు వరసగా ఆమె దగ్గరికొస్తాయి. చెవి దగ్గర నొక్కి, పలికినదాన్ని క్యుక్యు అని కుడి బుట్టలో వేస్తుంది. పలకనిదాన్ని మూగది అని ఎడమ బుట్టలో వేస్తుంది. బానల దగ్గరివాళ్ళకూ, బరువు తూచేవాళ్ళకూ, అందరికీ ఆ మాట అలవాటే. ఆర్నెల్ల కింద వచ్చిన కొత్త మేనేజరుకు మాత్రం అది నేరంగా కనబడింది.

కార్ఖానా గదిలో

మర్నాడు ఉతికిన పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని కార్ఖానాకు వెళ్ళాను. దాని పేరెందుకు లెండి. మేనేజరు గదిలో గోడకు యుద్ధం పటం, దానికి గుండుసూదులు, మూల బాంబులు పడితే మంటలార్పడానికి ఇసుక బకెట్టు. పక్క బల్ల దగ్గర గంజి పెట్టిన చొక్కాతో ఒక కుర్ర గుమాస్తా రాసుకుంటున్నాడు. మేనేజరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. ఆ మర్యాద చూసే నాకు మొదట తిక్క రేగింది.

ఆయన చెప్పింది ఇదీ. వాళ్ళ నూలు కొంత సర్కారుకూ పోతుంది. నెల కింద సర్కారు తరఫున ఒక అధికారి చూడ్డానికి వచ్చాడు. ఆయన ఎదుటే మా అత్త చిలప నొక్కి ఆ మాట అంది. ఇదేం భాష అని ఆయన అడిగితే, బాన దగ్గర ఎవరో గొప్పగా జపాను అన్నారు. అధికారి నవ్వి వెళ్ళిపోయాడు గాని, మేనేజరుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

నేను ఊరుకోలేదు. మద్రాసులో జనం రిక్షా ఎక్కుతున్నారు, అదీ జపాను మాటే, వాళ్ళందర్నీ దింపేస్తారా అన్నాను. మీ ఊళ్ళోనే ఇటలీ ఖైదీలు లారీల్లో పోతూ వాళ్ళ భాషలో పాటలు పాడుతున్నారు, వాళ్ళ పాటలకు పడిపోని రాజ్యం మా అత్త ఒక్క మాటకు పడిపోతుందా అని కూడా అడిగాను.

“ఇటలీవాళ్ళు పట్టుబడినవాళ్ళు అయ్యవారూ. జపానువాళ్ళు ఇంకా పట్టుబడలేదు,” అన్నాడు మేనేజరు.

ఆ గుమాస్తా కూడా తలూపాడు. నేను కాఫీ గ్లాసు ఎత్తి నోట్లో పోసుకున్నాను.

చివరకు ఆయనే ఒక దారి చూపించాడు. మా అత్త కాయితం రాసివ్వాలి. ఆ మాట అనడం తప్పు, ఒకటి. ఇకమీదట అనను, రెండు. ఆ జపాను మనిషితో నాకు ఏనాడూ ఏ సంబంధమూ లేదు, మూడు. కింద వేలిముద్ర వేస్తే సోమవారం నుంచి పనిలోకి రావచ్చు. మొదటి రెండూ నాకు కష్టంగా తోచాయి. మూడోది ఎందుకో తేలిగ్గా కనబడింది. ఎప్పటి మనిషి, ఎక్కడి మనిషి, ఇప్పుడు బతికి ఉందో లేదో! నేనే రాసి తెస్తానని మాటిచ్చి లేచాను. మెట్లు దిగుతుంటే తెలిసింది, పోట్లాడ్డానికి వచ్చి వాడి కాఫీ తాగి ఒప్పుకుని పోతున్నానని. ఆ కాఫీలో చక్కెర ఉంది.

లాల్‌బాగు

కాయితం రాయడానికి లాల్‌బాగు వెళ్ళాను. అత్త ఇంట్లో మగ్గాల చప్పుడుకు నాకు ఒక్క వాక్యం కుదరలేదు. దారిలో హోటల్లో మసాలా దోసె రెండణాలు. మా ఊళ్ళో దోసెలో ఇంత కూర పెట్టి మడిచి దాచిపెట్టరు, పక్కన కనబడేటట్టే పెడతారు. రుచికేం లోటు లేదు, రెండోది కూడా తిన్నాను. తోటలో గులాబీలను ఎవరూ తెంపడంలేదు, మేకలు తినడంలేదు, కావలివాడు కూడా లేడు. మా ఊళ్ళో అలాంటి తోట వేస్తే పొద్దున్నకు కంచె కూడా మిగలదు.

గుట్ట మీద రాతి మీద కూర్చుని కలం తీశాను. అది కారి, జేబంతా నీలం. ఉతికిన చొక్కా! తిట్టుకుంటూ తుడుచుకుంటుంటే, మోచేతులదాకా ఎర్రరంగు పట్టిన ముసలాయన ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. పేరు మునియప్ప. ఆ కార్ఖానాలోనే బానల దగ్గర పని, ఆ రోజు మధ్యాహ్నం నుంచి సెలవు. నేను మేనేజరు గదిలోంచి రావడం పొద్దున చూశాడట, అత్త ఇంట్లో అడిగి ఇక్కడికి వచ్చాడు. నా జేబు చూసి, నీలం జాస్తి అయింది, ఉప్పునీళ్ళలో నానబెట్టు అని వృత్తిరీత్యా ఒక సలహా పడేశాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు.

“జపానూ లేదు, గిపానూ లేదప్పా. జిగురు పూర్తిగా తీస్తే సేరుకి పావు బరువు పోతాది. సగం ఉడికించి ఎత్తెయ్యమని మేనేజరు హుకుం. మేము ఎత్తేస్తాం, మాదేముండాది. గంగమ్మ చెవికాడ పెట్టి మూగది అని ఎనక్కి పారేస్తాది. దినామూ ఇదే గలాటా. ఆయమ్మ చెవి ఉండేదాంకా ఆయనకి ఆ బరువు దక్కదు.”

విన్నాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జిగురు అమ్ముకోవడానికి దేశభక్తి! పోనీ సూటిగా, నువ్వు నా లాభానికి అడ్డం ముసలమ్మా అని చెప్పి తీసేస్తే దుర్మార్గుడే అయినా మనిషనుకుందును. ఇసుక బకెట్టు పక్కన కూర్చుని శత్రువు మాట అంటాడా! ఇదంతా ఎవరికైనా చెబుతావా అని మునియప్పను అడిగాను. నలుగురు ఆడపిల్లలుండారప్పా, పని పోతే ఎట్ల అన్నాడు.

ఇంత తెలిసీ ఆ కాయితం రాశాను. రాయక ఏం చేయను? అత్తకు ఆ పని తప్ప ఇంకొకటి లేదు. అద్దె ఇల్లు, ఒంటరి మనిషి, బియ్యం ధర చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. పళ్ళు నూరుకుంటూ, ఒక్క తప్పు లేకుండా, మంచి గుండ్రని అక్షరాలతో రాశాను. మునియప్ప చదవలేడు గాని అక్షరాలు బాగున్నాయన్నాడు.

మళ్ళీ కబ్బన్‌పేట

సాయంత్రం అత్తను కూర్చోబెట్టి చదివి వినిపించాను. తప్పు అన్న చోట తలూపింది. ఇకమీదట అనను అన్న చోట, సరే, నోట్లో అనుకుంటాను అంది. మూడోది చదివాను.

“అది తీసెయ్,” అంది.

అదే ముఖ్యమన్నాను. అది లేకపోతే మేనేజరు ఒప్పుకోడన్నాను. ఒక్క వాక్యం, ఎవరికీ నష్టం లేదు, ఆ జపానమ్మకు ఎన్నటికీ తెలియదు అని కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది. అత్త లేచి పోయి పొయ్యి చల్లార్చి వచ్చి, మళ్ళీ నా ఎదుట కూర్చుంది.

“విషజ్వరం వచ్చిన ఏడు నీకి తెలీదు, నువ్వు పిల్లోడివి. ఈ బీదిలో దినానికి నాలుగు పీనుగులు లేచె. నాకూ వచ్చింది. మా అత్తా మామా గడప దాటి లోపలికి రాలా. ముద్ద గడపకాడ పెట్టి పోతాండ్రి. మీ మామ కూడా రాలేదప్పా, భయం. జ్వరం దిగినాక నెత్తి జడలు కట్టి, నా వాసన నాకే పడలా. ఎవురు చెప్పినారో ఏమో, ఆయమ్మ వచ్చింది. నీళ్ళు కాంచి, సీకాయి రుద్ది, నాలుగు మార్లు పోసింది. పోసి పోసి, నా జుట్టు ఏళ్ళతో పట్టుకుని గుంజి, క్యుక్యు అనింది. నాకప్పుడు తెలిసింది, నేను బతికినానని.”

ఇదంతా ఆమె మజ్జిగ ధర చెప్పినట్టే చెప్పింది.

“మాట ఒద్దంటే మానుకుంటా. ఆయమ్మ నాకేం కాదని మాత్రం ఏలు పెట్టను. కూడు లేకపోతే పస్తుంటాను.”

ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అత్త చూసి, నీలం అంటుతుంది, తియ్యి అంది. బడిలో కొత్తగా చేరిన పిల్లకు గుణింతం నేర్పినంత శ్రద్ధగా రాశాను దాన్ని. ఆ పూట నాకు మేనేజరు మీద కంటే నా చేతిరాత మీద ఎక్కువ అసహ్యం వేసింది.

మళ్ళీ కార్ఖానా

మూడోరోజు కాయితం లేకుండా వెళ్ళాను. మొదటి రెండూ ఇస్తుంది, మూడోది ఇవ్వదని చెప్పాను. మేనేజరు మూడోదే కావాలన్నాడు. ఎందుకు కావాలి, ఎప్పుడో ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషికి తలంటి పోసింది, అది కాదని రాయించుకుంటే మీ నూలు గట్టిపడుతుందా అని అడిగాను. నియమం నియమమే అన్నాడు. ఎవరి నియమమంటే పైవారిదన్నాడు. పైవారెవరంటే పటం వైపు చూశాడు.

అప్పుడు జిగురు సంగతి ఎత్తాను. మునియప్ప పేరు రానివ్వలేదు. నేనూ నేతగాళ్ళ బిడ్డనే, సగం ఉడికిన పట్టు చేతికి తెలుస్తుందని చెప్పాను. మేనేజరు మొహంలోంచి మర్యాద పోయింది. గంట కొట్టాడు. ఇద్దరు బంట్రోతులు నన్ను భుజాలు పట్టుకుని మెట్లు దింపారు. నా కుడి చెప్పు తెగింది, ఉత్తరీయం ఆ గదిలోనే ఉండిపోయింది. నేను కింద నిలబడి అరిచాను. ఏం అరిచానో రాస్తే మా బడి పిల్లలు చదువుతారు. బానల దగ్గర పనివాళ్ళంతా చూస్తున్నారు. మునియప్ప కర్రతో నూలు తిప్పుతూ తల దించుకున్నాడు.

చెప్పు చేత పట్టుకుని కబ్బన్‌పేటదాకా నడిచాను. కుట్టడానికి చెప్పులవాడు అణా అడిగితే వాడి మీద కూడా అరిచాను. వాడు నా కాళ్ళూ మొహమూ చూసి అర్ధణా చాలన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బయల్దేరే రోజు

నాలుగోరోజు మధ్యాహ్నం నా రైలు. నాతో అనంతపురం వచ్చెయ్యమని అత్తను పొద్దున్నుంచీ బతిమాలాను. ఆడ పట్టు యాడుండాది అంది. పట్టు ఎందుకు, మేమున్నాం గదా అంటే, మీరుండారు, సరే, నా చెవి ఏం చెయ్యాల అంది. దారిలో తినడానికి పులిహోర కట్టి, మా ఆవిడకని రవికె గుడ్డ పెట్టింది. వచ్చే నెల అద్దె ఎలాగని అడిగితే పులిహోర పొట్లానికి ఇంకో ముడి వేసింది.

సంచీ బుజాన వేసుకుంటుండగా గుమ్మంలో నీడ పడింది. గంజి చొక్కా గుమాస్తా! చేతిలో గుడ్డ సంచీ, దాని మీద నా ఉత్తరీయం. వీధిలో ముందూ వెనకా చూసి లోపలికి వచ్చాడు. ఉత్తరీయం నాకిచ్చి, సంచీ అత్త ముందు పెట్టాడు. అందులో ఇరవై చిలపలు.

వాడు నీళ్ళు నమిలి నమిలి చెప్పిన సంగతి ఇదీ. అత్తను తీసేశాక పంపిన నూలంతా చీరల వర్తకులు తిప్పి పంపారు. రంగు మచ్చలు మచ్చలుగా తేలిందట, పట్టు మొండిగా ఉందట. ముసలమ్మ చెయ్యి పడని సరుకు మాకొద్దని పెద్ద వర్తకుడు మొహం మీదే చెప్పాడట. ఇంకో బండి సరుకు ఎల్లుండి పోవాలి. అందుకని ఎవరికీ తెలియకుండా అత్త చేత వీటిని చూపించుకు రమ్మని మేనేజరు పంపాడు. రోజూ ఇలాగే సంచీ పంపుతాడట, మనిషి మాత్రం కార్ఖానాకు రానక్కర్లేదట.

నా కోపమంతా వాడి మీద పడింది. పగలు శత్రువు, దొంగచాటుగా చుట్టమా? తీసుకుపోయి ఆ రంగు కాలవలో పారెయ్యమన్నాను. గుమాస్తా సంచీ గుండెలకు హత్తుకున్నాడు. నేను ఆ సంచీ లాగబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

“పట్టేం చేసిందప్పా,” అంది.

కింద కూర్చుని ఒక్కొక్క చిలపా తీసి చెవి దగ్గర నొక్కడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుంది. వీధిలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, ఆమెకు అవేవీ వినబడుతున్నట్టు లేదు. ఇరవైలో ఆరు కుడివైపుకు వచ్చాయి. పద్నాలుగు మూగవి. గుమాస్తా జేబులోంచి పుస్తకం తీసి, బాగున్నవి ఆరు, బాగులేనివి పద్నాలుగు అని రాసుకున్నాడు.

“ఏం రాసినావు?” అని అడిగింది అత్త. చదివాడు.

“అట్ల గాదు. బాగుండాదని నేను ఎప్పుడు అంటిని? ఇట్ల రా.”

వాడి చేతికి మంచి చిలప ఒకటిచ్చి, చెవి దగ్గర పెట్టి నొక్కమంది. వాడు నొక్కాడు. ఇంకా గట్టిగా అంది. ఆ కార్ఖానాలో మూడేళ్ళుగా లెక్కలు రాస్తున్న మనిషి, పట్టు చెవి దగ్గర పెట్టుకోవడం అదే మొదలట. నొక్కి, ఆగి, మళ్ళీ నొక్కాడు. వాడి మొహం మారింది.

“ఏమంటాది?”

వాడు గుమ్మం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను ఉత్తరీయం సర్దుకుంటూ వాడి మొహంలోకే చూస్తున్నాను.

“క్యుక్యు,” అన్నాడు మెల్లిగా.

“ఆ. అదే రాయి. మీ మేనేజరయ్య అడిగితే అదే చెప్పు.”

గుమాస్తా రాశాడు. బాగున్నవి ఆరు అన్నది కొట్టేసి, పైన క్యుక్యు ఆరు అని పెట్టాడు. చిలపలన్నీ రెండు కట్టలుగా కట్టి సంచీలో పెట్టుకుని, రేపు పొద్దున్నే ఇంకో నలభై తెస్తానని లేచాడు. అత్త కూర్చున్నచోటినుంచి లేవలేదు.

“సంచీ తేవద్దు నాయనా. ఆయన్నే రమ్మను. పగలే రమ్మను. ఈడ కూచోబెట్టి ఆయన చెవికి నేనే నేర్పిస్తాను. ఇది నాకు నేర్పింది జపానమ్మ అని మొదలు చెప్తాను, ఆయన ఊ అనాల. ఊ అన్నాకనే చిలప చేతికిస్తాను.”